మిగిలిన మెట్లు

రామకోటేశ్వరరావు చెడ్డవాడని అతన్ని ఎరిగినవాళ్ళెవరూ అనరు. ఈ మాట ముందే చెప్పెయ్యడం మంచిది. ఎందుకంటే ఈ కథలో అతను చేసిన తప్పంటూ ఒక్కటీ లేదు. చెయ్యనివే ఉన్నాయి.

విజయవాడ భవానీపురంలో, కృష్ణ ఒడ్డుకి రెండు వీధుల ఇవతల, ఒక పాత అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో అతను ఒక్కడే ఉంటాడు. వయసు అరవై ఆరు. ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై మూడేళ్ళు గుమాస్తాగిరీ చేసి రిటైరయ్యాడు. కాలవ గట్టు తెగిందని రైతు అర్జీ పెట్టుకుంటే ఆ ఆఫీసులో ‘పరిశీలనలో ఉన్నది’ అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టేవాళ్ళు. గట్టు తెగే ఉండేది, అర్జీ పరిశీలనలో ఉండేది. పింఛనుతో పాటు కోటేశ్వరరావు ఆ అలవాటు కూడా ఇంటికి తెచ్చుకున్నాడు.

అతనికి వచ్చే ఆలోచనలన్నీ మంచివే. వాచ్‌మన్ అంతోని కూతురికి సాయంత్రాలు ఇంగ్లీషు చెబుదామనుకున్నాడు. నాలుగేళ్ళు అనుకున్నాడు. ఆ పిల్ల ఇప్పుడు గన్నవరం ఎయిర్‌పోర్టులో ఉద్యోగం చేస్తూ, వచ్చేపోయేవాళ్ళతో గడగడా ఇంగ్లీషే మాట్లాడుతోంది. పై అంతస్తులో ముసలాయనకి కళ్ళ ఆపరేషనైతే, రోజూ వెళ్ళి పేపరు చదివి వినిపిద్దామనుకున్నాడు. ఇతను అనుకుంటూ ఉండగానే ఆయనకి చూపు వచ్చేసింది. ‘పోనీలే, మంచే జరిగింది’ అని కోటేశ్వరరావు మనస్ఫూర్తిగా సంతోషించాడు. ఆ సంతోషం కూడా అబద్ధం కాదు.

మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు అని సామెత. ఇతని విషయంలో మాటలు కూడా గడప దాటేవి కావు, పాపం.

భార్య ఛాయాదేవి ఉన్నన్నాళ్ళూ ఈ సంగతి ఎవరికీ తెలియలేదు. పొద్దున్నే కాఫీ తాగుతూ ఇతను, “పక్కింటావిడ జ్వరంతో పడుందిట, పాపం, ఏదైనా పంపిస్తే బాగుండును” అనేవాడు. ఆవిడ గిన్నెలో చారూ అన్నమూ సర్ది పట్టుకెళ్ళేది. ఇతను అనేవాడు, ఆవిడ చేసేది, మంచిపేరు మాత్రం ఇద్దరికీ సమానంగా వచ్చేది. ఆరేళ్ళ కిందట ఆవిడ పోయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో అనుకోవడం ఒక్కటే మిగిలింది. కాఫీ తాగుతూ పైకి అనడానికి కూడా ఎదురుగా ఎవరూ లేరు.

వాళ్ళకి పిల్లలు లేరు. అతనికి లోకంలో నావాళ్ళు అని చెప్పుకోవడానికి ఉన్నది సాంబమూర్తి కుటుంబమే.

సాంబమూర్తి పెడనలో నేతగాడు. ఇద్దరూ పెడన హైస్కూల్లో ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. కోటేశ్వరరావు మూడు మైళ్ళ అవతలి పల్లెలో రైతుబిడ్డ. మధ్యాహ్నాలు సాంబమూర్తి ఇంట్లోనే తినేవాడు, ముందుగదిలో మగ్గం చప్పుడు వింటూ లెక్కలు చేసుకునేవాడు. ఇతను ఉద్యోగానికి విజయవాడ వచ్చినా, అతను తాత తవ్విన గుంటమగ్గంలోనే కాళ్ళు పెట్టుకుని కూర్చున్నా, ‘ఒరేయ్’ అన్న పిలుపు మారలేదు. సాంబమూర్తి భార్య చౌడేశ్వరి కాపురానికి వచ్చిన కొత్తలోనే ఇతన్ని ‘అన్నయ్య గారూ’ అని పిలిచింది. తోడబుట్టినవాళ్ళు లేని కోటేశ్వరరావుకి ఆ పిలుపు ఎంత తీపిగా ఉండేదో అతనెప్పుడూ ఆవిడతో చెప్పలేదు. చెబుదామనుకున్నాడు.

ఛాయాదేవి పోయిన రోజున సాంబమూర్తీ చౌడేశ్వరీ కబురందిన రెండు గంటల్లో బయల్దేరి వచ్చారు. సాంబమూర్తి మగ్గం మీద సగం నేసిన చీర అలాగే వదిలేసి వచ్చాడు. పదకొండు రోజులూ ఉన్నారు. వచ్చేపోయేవాళ్ళకి వండి వడ్డించడం, ఛాయాదేవి చీరలు మడతపెట్టి బీరువాలో సర్దడం, అన్నీ చౌడేశ్వరే చూసుకుంది. వెళ్ళే ముందు ఇతన్ని వంటింట్లోకి పిలిచి ఇడ్లీపిండి ఎలా నానబెట్టాలో, ఎలా రుబ్బాలో నేర్పింది.

“ఒక్కళ్ళే కదా అని హోటల్ తిండికి అలవాటు పడకండి అన్నయ్య గారూ. ఈ ఒక్కటీ వస్తే చాలు, పూట గడిచిపోద్ది” అంది.

ఇంత కథా ఎందుకు చెప్పానంటే, అలాంటి చౌడేశ్వరి పోయిందని. పోయి పద్నాలుగు నెలలైంది. కోటేశ్వరరావు ఇంతవరకూ పలకరింపుకి వెళ్ళలేదు.

మొదట్నుంచీ చెప్పాలి. పోయినేడాది ముందటేడు డిసెంబర్లో ఒక సాయంత్రం సాంబమూర్తి ఫోన్ చేశాడు.

“ఒరేయ్, చౌడేశ్వరిని బెజవాడ తీసుకొచ్చాం రా. కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయంటున్నారు. సూర్యారావుపేటలో ఆసుపత్రి. మూడో అంతస్తు. నీకు దగ్గరేగా, ఓసారి రా. నిన్నే అడుగుతోంది.”

“అయ్యో, రేపు పొద్దున్నే వచ్చేస్తా” అన్నాడు కోటేశ్వరరావు.

ఆ మాట అన్నప్పుడు అతను నిజంగానే వద్దామనుకున్నాడు. అనుకోవడమే కాదు, ఈసారి చేశాడు కూడా. అప్పటికప్పుడు మినప్పప్పు నానబోసి, రాత్రి పడుకునే ముందు రుబ్బి, తెల్లారి లేచి ఇడ్లీ వేశాడు. అల్లం పచ్చడి చేశాడు. ఛాయాదేవి వాడిన స్టీలు క్యారేజీ దించి తోమి అందులో సర్దాడు. సిటీబస్సెక్కి సూర్యారావుపేటలో దిగి, అడ్రసు అడుక్కుంటూ ఆసుపత్రి గేటు దాకా వెళ్ళాడు.

గేటు దగ్గర ఫినాయిల్ వాసన వచ్చింది. అంతే జరిగింది. ఛాయాదేవి చివరి తొమ్మిది రోజులూ గడిచింది కూడా ఆ వీధిలోనే, నాలుగు భవనాల అవతల. ఆ వాసన, ఆ మందుల షాపులు, అంబులెన్సులో నుంచి దించుతున్న స్ట్రెచర్ చక్రాల చప్పుడు, అన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి. కోటేశ్వరరావు రోడ్డు దాటి ఎదురుగా టీ కొట్టు పక్కన నిలబడ్డాడు. గుండె కాస్త కుదుటపడ్డాక వెళ్దామనుకున్నాడు. పావుగంట నిలబడ్డాడు. ఆ తర్వాత క్యారేజీ చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగి బస్టాపుకి నడిచాడు. ఆ ఇడ్లీలు మధ్యాహ్నం తనే తిన్నాడు. తింటూ ఏడ్చాడు. రేపు మనసు గట్టి చేసుకుని తప్పకుండా వెళ్ళాలి అనుకున్నాడు.

చౌడేశ్వరి ఆ ఆసుపత్రిలో పదహారు రోజులుంది. ప్రతి రాత్రీ కోటేశ్వరరావు ‘రేపు’ అనుకున్నాడు. సాంబమూర్తి ఫోన్ చేస్తే, “జలుబు చేసిందిరా, పేషెంటు దగ్గరికి జలుబుతో రాకూడదు కదా” అన్నాడు ఒకసారి. ఇంకోసారి మోకాలు నొప్పన్నాడు. అయిదో రోజు నుంచి సాంబమూర్తి రమ్మని అడగడం మానేశాడు. అడగడం మానేశాడంటే తన అవస్థ అర్థం చేసుకున్నాడని కోటేశ్వరరావు సర్దిచెప్పుకున్నాడు. మనిషి తనకి తాను చెప్పుకునే కబుర్లకి అంతూ పొంతూ ఉండదు.

పదిహేడో రోజు తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. “పోయిందిరా. పెడన తీసుకెళ్తున్నాం.” ఆ రెండు ముక్కలే. కోటేశ్వరరావు స్నానం చేసి, బట్టలు మార్చుకుని, చెప్పులు కూడా వేసుకుని ముందుగదిలో కుర్చీలో కూర్చున్నాడు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అనుకుంటూ మధ్యాహ్నం దాకా ఆ చెప్పులతోనే కూర్చున్నాడు. అప్పటికి అక్కడ అన్నీ అయిపోయి ఉంటాయని తోచాక చెప్పులు విప్పేశాడు.

ఇక మిగిలింది పలకరింపు. పోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి కాసేపు కూర్చుని రావడం. ఏమీ మాట్లాడక్కర్లేదు, మనిషి కనపడితే చాలు. అయితే దానికి మంగళవారం పనికిరాదు, శుక్రవారం పనికిరాదు. గురువారం ఇతను పుట్టిన వారం. శనివారం బస్సుల్లో రద్దీ. ఆదివారం చుట్టాలంతా ఉంటారు, మనసు విప్పి మాట్లాడ్డానికి కుదరదు. సోమవారం వెళ్దామంటే అమావాస్య వచ్చింది. ఇక ఉన్నదల్లా బుధవారం. ఆ బుధవారం వర్షం పడింది. ఇలా పంచాంగం, వాతావరణం కలిసి పదకొండో రోజు దాటించాయి.

ఆ తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. నెల దాటాక వెళ్తే ‘ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు’ అంటారు. దానికి సరైన జవాబు దొరికాక వెళ్దామనుకున్నాడు. రెండు నెలలయ్యేసరికి ఆ జవాబు ఇంకాస్త పెద్దదిగా ఉండాల్సొచ్చింది. ఆరు నెలలయ్యేసరికి మనిషి దగ్గర ఉండే జవాబులేవీ దానికి సరిపోకుండా పోయాయి. సంవత్సరీకం కూడా వచ్చి వెళ్ళిపోయింది. సాంబమూర్తి నుంచి ఫోన్లు తగ్గి, తగ్గి, ఆగిపోయాయి.

కోటేశ్వరరావు రోజూ సాయంత్రం పున్నమి ఘాట్‌కి వెళ్ళి కూర్చునేవాడు. చుట్టూ పిల్లలు, సెల్ఫీలు, మొక్కజొన్న కండెలు. అతను ఫోన్ తీసి సాంబమూర్తి పేరు చూసి మళ్ళీ జేబులో పెట్టేవాడు. మాట్లాడే మనిషి లేక నాలుక పిడచకట్టుకుపోవడం అంటే ఏమిటో అతనికి ఆ ఏడాది తెలిసింది. ఇంటికొచ్చి టీవీ పెట్టుకుని, వార్తలు చదివే అమ్మాయి ‘నమస్కారం’ అంటే తనూ ‘నమస్కారం’ అనేవాడు. ఎవరితోనో ఒకరితో అనాలి కదా.

ఫిబ్రవరిలో ఒక రోజు భవానీపురం బస్టాపులో ఎవరో వెనకనుంచి “మావయ్య గారూ!” అన్నారు. తిరిగి చూస్తే మాధురి. సాంబమూర్తి కూతురు. నగరంలోనే ఒక కోచింగ్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. కోటేశ్వరరావుకి పారిపోవాలనిపించింది. బస్టాపులో పారిపోవడానికి బస్సు కూడా లేదు.

“ఎలా ఉన్నారు మావయ్యా? మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?” అంది మాధురి.

“ఆ… పర్లేదమ్మా.”

“నాన్న చెప్పారు, అస్సలు కదల్లేకపోతున్నారని. అందుకే సంవత్సరీకానికి కూడా రాలేకపోయారని. మీకు థాంక్స్ చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో, కాలేజీతో కుదరనే లేదు. ఏమనుకోకండే.”

“థాంక్సెందుకమ్మా?”

“ఎందుకేంటి మావయ్యా! రాత్రిళ్ళు నేనుండేదాన్ని, పగలు నాన్న ఒక్కరే. ఆ మోకాళ్ళతో మీరు రోజూ క్యారేజీ పట్టుకుని మూడంతస్తులు ఎక్కొచ్చారు. నేనొచ్చేసరికి అమ్మ ‘అన్నయ్య గారు ఇడ్లీ తెచ్చారే, నేను నిద్రపోతున్నానట, లేపకుండా వెళ్ళిపోయారట’ అని చెప్పేది. చివరి రోజుల్లో అమ్మ నోటికి పట్టింది ఆ ఇడ్లీ ఒక్కటే.”

కోటేశ్వరరావు నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ‘నేను రాలేదమ్మా’ అన్న రెండు మాటలు గొంతు దాకా వచ్చాయి. ఇంతలో మాధురి బస్సు వచ్చింది. “ఓసారి పెడన వెళ్ళి రండి మావయ్యా, నాన్న ఒక్కరే అయిపోయారు” అంటూ ఆ పిల్ల బస్సెక్కేసింది. బస్సు కదిలాక కూడా కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఇతనూ తేలు కుట్టిన దొంగలా నిలబడి చెయ్యి ఊపాడు.

ఆ రాత్రంతా ఆలోచించాడు. అబద్ధం చెప్పింది సాంబమూర్తే, అందులో సందేహం లేదు. ఎందుకు చెప్పాడు? ఆలోచించగా ఆలోచించగా కోటేశ్వరరావుకి ఒక సమాధానం దొరికింది, అది అతనికి బాగా నచ్చింది. తన మనసు సాంబమూర్తికి తెలుసు. రావాలనే ఉండి రాలేకపోయాడని తెలుసు. అందుకే నలుగురిలో తన పరువు కాపాడాడు. అంటే ఎప్పుడో క్షమించేశాడన్నమాట! పద్నాలుగు నెలలుగా తనే అనవసరంగా భయపడుతూ కూర్చున్నాడు. ఈ ఆలోచన రాగానే అతని ఒళ్ళు దూదిపింజె అయిపోయింది. మర్నాడు బుధవారం కావడం కూడా కలిసొచ్చింది. పొద్దున్నే మచిలీపట్నం ప్యాసింజర్ ఎక్కేశాడు. స్టేషన్ బయట డజను బత్తాయిలు కొన్నాడు.

గుడివాడ దాటాక కిటికీకి అటూ ఇటూ కోసేసిన వరి మళ్ళలో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. మధ్యమధ్య చేపల చెరువులు. ఎన్నాళ్ళకి చూస్తున్నాడు ఈ దారిని! ఎదురు సీట్లో కూర్చున్న పెద్దావిడ “ఎందాకా అండీ?” అని అడిగితే, “పెడన. మా ఫ్రెండు ఇంటికి” అని చెప్పాడు. ‘మా ఫ్రెండు’ అన్న మాట పైకి అని ఎన్నాళ్ళైందో. సంబరంగా అనిపించి, ఆవిడ అడగకపోయినా ఆరో తరగతి బెంచీ దగ్గర్నుంచి కథంతా చెప్పాడు. ఆవిడ గుడ్లవల్లేరులో దిగిపోయింది, లేకపోతే ఇంకా చెప్పేవాడే.

సాంబమూర్తి ఇంటి వీధి మారలేదు. కానీ మగ్గం చప్పుడు మారింది. ఇదివరకు ఆ ఇంట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పోగుల మధ్య నాడె అటూ ఇటూ ఆడుతూనే ఉండేది. చౌడేశ్వరి పక్కన కూర్చుని రాట్నం మీద నూలు కండెలకి చుడుతూ ఉంటే, సాంబమూర్తి ఒకదాని తర్వాత ఒకటి నాడెలో వేసుకుని నేస్తూ పోయేవాడు. ఇప్పుడు కోటేశ్వరరావు వీధి మొదట్లో ఉండగా వినపడిన చప్పుడు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. లోపల సాంబమూర్తి గుంటలోంచి పైకొచ్చి, రాట్నం ముందు కూర్చుని తనే కండెలు చుట్టుకుంటున్నాడు. కాసేపు చుట్టుకుని, కాసేపు నేసుకుంటాడు కాబోలు.

“ఏరా, వచ్చావా? కూర్చో” అన్నాడు తలెత్తి. నిన్నగాక మొన్న కలిసి విడిపోయినవాడితో అన్నట్టే అన్నాడు. మనిషి సగమైపోయాడు. గోడ మీద చౌడేశ్వరి ఫోటోకి ప్లాస్టిక్ పూలదండ ఉంది.

కోటేశ్వరరావు బత్తాయిలు పక్కన పెట్టి బల్ల మీద కూర్చున్నాడు. రైల్లో కూడబలుక్కున్న మాటలేవీ గుర్తురాలేదు. సాంబమూర్తే లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. “ఎండగా ఉందా?” అన్నాడు. “పర్లేదు” అన్నాడు ఇతను. మళ్ళీ రాట్నం తిరిగింది.

అప్పుడు పక్కింటి సుబ్బరత్నం మజ్జిగ చెంబుతో వచ్చింది. కొత్తమనిషిని చూసి ఆగి, “ఎవరు బాబాయ్ గారూ?” అని అడిగింది.

“కోటేశ్వరరావు. మా బెజవాడ ఫ్రెండు.”

“అయ్యో, మీరేనా అండీ! ఆసుపత్రికి రోజూ క్యారేజీ తెచ్చిన అన్నయ్య గారు మీరేనా! సొంత అన్నదమ్ములు కూడా చెయ్యరండీ ఈ రోజుల్లో. పిన్ని ఎంత అదృష్టవంతురాలో” అంటూ ఆవిడ చేతులెత్తి దణ్ణం పెట్టేసింది. కోటేశ్వరరావు సాంబమూర్తి వంక చూశాడు. సాంబమూర్తి నూలు తెగిందేమోనని చూసుకుంటున్నాడు. సుబ్బరత్నం ఇద్దరికీ చెరో గ్లాసు మజ్జిగ పోసి, ఇంకో రెండు మంచిమాటలు చెప్పి వెళ్ళింది.

“ఎందుకురా అలా చెప్పావు అందరికీ?” అన్నాడు కోటేశ్వరరావు. గొంతులో కృతజ్ఞత ఉంది. ఎదురుగా కూర్చున్నవాడు ఇప్పుడు ‘నీ సంగతి నాకు తెలీదేంట్రా’ అంటాడని, తను వెళ్ళి వాటేసుకుంటానని రైల్లోనే ఊహించుకుని వచ్చాడు.

“అందరికీ చెప్పలేదు. చౌడేశ్వరికి చెప్పా. అది అందరికీ చెప్పింది” అన్నాడు సాంబమూర్తి.

కండె నిండింది. దాన్ని తీసి బుట్టలో వేసి ఇంకోటి పెట్టుకున్నాడు.

“రోజూ అడిగేదిరా. ‘అన్నయ్య గారు రాలేదేంటి? ఒంట్లో బాగోలేదేమో. ఒక్కళ్ళే ఉంటారు, మంచినీళ్ళిచ్చే దిక్కు కూడా లేదు, మీరోసారి వెళ్ళి చూసిరండి’ అని నా ప్రాణం తీసేది. ఒంటినిండా సూదులు, తన నొప్పి తను చూసుకోక నీ మీద దిగులు. ఆ దిగులు చూళ్ళేక నాలుగో రోజున చెప్పేశా. నువ్వు నిద్రలో ఉంటే వచ్చి వెళ్ళాడే, ఇడ్లీ తెచ్చాడు అని. కింద క్యాంటీన్లో కొనుక్కొచ్చి పెట్టా. తింది. ‘పిండి బాగా పులిసింది, అన్నయ్య గారికి చెయ్యి తిరిగింది’ అంది. సంతోషపడింది. ఇంక ఆ రోజు నుంచి రోజూ తేవాల్సొచ్చింది.”

కోటేశ్వరరావు కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ ఉండగా అతనికో అనుమానం వచ్చింది.

“ఇడ్లీ అని ఎందుకు చెప్పావు? నేను ఇడ్లీ చేశానని నీకెలా తెలుసు?”

“నీకు వచ్చింది అదొక్కటేగా.” సాంబమూర్తి రాట్నం ఆపాడు. “క్యారేజీ చూశా. మూడో అంతస్తు వరండాలో నిలబడి ఉన్నా, నువ్వొస్తానన్న రోజు. గేటు దాకా వచ్చావు. రోడ్డు దాటి టీ కొట్టు దగ్గర నిలబడ్డావు. చెయ్యి ఊపా, నువ్వు పైకి చూళ్ళేదు. సరే వస్తావుగా అని లోపలికెళ్ళి, ‘మీ అన్నయ్య గారు కింద ఉన్నారు, వస్తున్నారు’ అని దానికి చెప్పి, లేపి కూర్చోబెట్టా. దువ్వెన అడిగిందిరా. నన్ను దువ్వనివ్వకుండా తనే దువ్వుకుంది. మళ్ళీ వరండాలోకి వచ్చేసరికి నీ వీపు కనపడింది.”

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

“గేటు దాకా నువ్వే వచ్చావు. మిగిలిన మెట్లు నేను ఎక్కించా నిన్ను. పదమూడు రోజులు ఎక్కించా” అన్నాడు సాంబమూర్తి.

“ఛాయ పోయింది ఆ వీధిలోనేరా. ఆ వాసనకి కాళ్ళు ఆడలేదు. నిజం చెబుతున్నా, మనసులో మాత్రం రోజూ వచ్చాను. ఒక్క రోజు కూడా రావాలనుకోని రోజు లేదు. నన్ను నమ్ము.”

“నమ్ముతాను. నీ మనసు నాకు తెలీదా? తెలుసు కాబట్టే అంత అబద్ధం ఆడగలిగా. ఇంకొకడి గురించైతే నాకు నోరు వచ్చేది కాదు.”

కోటేశ్వరరావు మొహం కాస్త తేటపడింది. “అయితే నా మీద కోపం లేదుగా?”

సాంబమూర్తి చాలాసేపు అతని వంక చూశాడు. కోపం కాదు అది. కోపమైతే కోటేశ్వరరావు భరించగలిగేవాడు.

“దానికి నువ్వొచ్చావని చెప్పడానికి నేనున్నానురా” అన్నాడు. “నాకు చెప్పడానికి ఎవరున్నారు?”

పద్నాలుగు నెలలు వెతికినా దొరకని జవాబు ఇప్పుడు మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? కోటేశ్వరరావుకి తన ఖాళీ ఇల్లే ఇన్నాళ్ళూ కనపడింది. ఇక్కడ ఇంకో మనిషి కండెలు తనే చుట్టుకుని తనే నేసుకుంటూ, రైలొచ్చిన ప్రతిసారీ గుమ్మం వైపు చూసి ఉంటాడన్న ఊహ ఒక్కసారి కూడా రాలేదు. తన మంచి మనసు మీద అతనికి మొట్టమొదటిసారి అసహ్యం వేసింది.

మధ్యాహ్నం సాంబమూర్తి అన్నం పెట్టాడు. పప్పు, వంకాయ కూర, సుబ్బరత్నం ఇచ్చిన ఆవకాయ. ఇద్దరూ తిన్నారు. ఎరువుల రేట్ల గురించి, హైస్కూలుకి కడుతున్న కొత్త భవనం గురించి నాలుగు మాటలు అనుకున్నారు. ఆ తర్వాత సాంబమూర్తి గుంటలోకి దిగి నేతకి కూర్చున్నాడు. కోటేశ్వరరావు బల్ల మీద కూర్చుని, లెక్కలు చేసుకునే రోజుల్లో లాగే ఆ చప్పుడు విన్నాడు. కండెలు అయిపోతుంటే, నేను చుట్టనా అని అడుగుదామనుకున్నాడు. అడిగేలోపే సాంబమూర్తి లేచి రాట్నం దగ్గరికి వచ్చేశాడు.

సాయంత్రం బండికి వేళయింది. కోటేశ్వరరావు లేచాడు.

పలకరింపుకి వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు ‘వెళ్ళొస్తాం’ అని చెప్పకూడదు. చెబితే ఆ ఇంటికి మళ్ళీ అలాంటి పని మీదే రావాలని కోరుకున్నట్టని పెద్దవాళ్ళ భయం. మాట్లాడకుండా లేచి నడవాలంతే. ఇది ఆ ప్రాంతంలో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. కోటేశ్వరరావుకీ తెలుసు. కానీ అయిదు దశాబ్దాలుగా ఆ గుమ్మం దిగిన ప్రతిసారీ అన్న మాటే నాలుక మీదికి వచ్చేసింది.

“వెళ్ళొస్తానురా.”

అనేశాక నాలుక కరుచుకున్నాడు. సాంబమూర్తి రాట్నం ఆపి తలెత్తాడు.

“ఆ మాట అనకూడదురా.”

“అవును, అలవాటులో వచ్చేసింది. ఏమనుకోకు. అయినా ఉత్తినే అనలేదురా, నిజంగానే వస్తాను. వచ్చే ఆదివారం…”

“అందుకే అనొద్దంటున్నా. శాస్త్రం గురించి కాదు” అన్నాడు సాంబమూర్తి. గొంతులో నిష్ఠూరం లేదు, అలసట మాత్రం ఉంది. “నువ్వు వస్తానంటే నేను ఎదురుచూస్తాను. ఇంక నావల్ల కాదు. రాబుద్ధయితే రా, ఈ తలుపు ఎప్పుడూ తీసే ఉంటది. చెప్పి మాత్రం వెళ్ళకు.”

కోటేశ్వరరావు గుమ్మం పక్కన విడిచిన చెప్పులు వేసుకుని, ఆ ఇంటి నుంచి మొదటిసారి ఏమీ చెప్పకుండా వీధిలోకి దిగాడు.